కరస్పాండెంటు గడప మీద గుప్తలిపి

ఆ గురువారం కోసం సృజన వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఏడింటికి ట్యూషన్ సెంటర్లో ఒక క్లాసు చెప్పాలి, ఎనిమిదింటికి ఇంటికొచ్చి ఇస్త్రీ చీర కట్టుకోవాలి, పదింటికి జూనియర్ కాలేజీలో డెమో క్లాసు చెప్పి గణితం లెక్చరర్ ఉద్యోగం కొట్టాలి. నాలుగేళ్లుగా ఆ సెంటర్లోనూ ఈ సెంటర్లోనూ పాఠాలు చెప్పి విసిగిపోయిన పిల్ల ఆమె. ఇదీ రాకపోతే మెదక్‌లో ఇంకో కాలేజీ మెట్లెక్కే ఓపిక తనకు లేదని ఇంట్లో ముందే చెప్పేసింది.

పాఠం గుప్తలిపి మీద. మూడు రోజులు కూర్చుని పెద్ద చార్టు తయారుచేసింది. గడుల నిండా అక్షరాలు, కింద విద్యార్థులు విప్పవలసిన సందేశం ఎర్ర స్కెచ్ పెన్నుతో: ‘థవుఫు థీరంఢి’. నానమ్మ వజ్రమ్మ ఊరుకుంటుందా? పెళ్లిపత్రికకు చేసినట్టే చార్టు నాలుగు మూలలా పసుపు రాసి, నడుమ ఇంత కుంకుమబొట్టు పెట్టింది. పెద్దావిడ ముచ్చట కాదనడమెందుకని సృజన చార్టును అలాగే చుట్టి పెట్టుకుంది.

ముందు ట్యూషన్ పిల్లలకు చూపిద్దామని పొద్దున్నే పట్టుకుపోయిన ఆ చార్టును ఆమె జలాల్ ఆటోలో మరిచిపోయింది.

ఇంకో డ్రైవరైతే సీటు కింద పడేసి ఊరుకునేవాడు. జలాల్ అలా కాదు. ఎవరో మరిచిన గొడుగును టేక్మాల్ దాకా పోయి ఇచ్చొచ్చిన మనిషి. కాలేజీ కరస్పాండెంటు సారు ఈ రోజు చార్టు చూడాలని సృజన దారిలో ఫోన్లో అనడం అతను విన్నాడు. సారు ఇల్లు అతని దారిలోనే ఉంది. పోయి పిలిస్తే ఎవరూ పలకలేదు. చుట్టి పెడితే దొర్లిపోతుందని చార్టును గడప ముందు చక్కగా పరిచి, గాలికి ఎగరకుండా ఒక నల్లరాయి పెట్టి, మంచిపని చేసిన సంతోషంతో బస్టాండుకు పోయాడు.

పేపరు కోసం తలుపు తీసిన కరస్పాండెంటు ఇంద్రకరణ్‌కు పసుపు కనపడింది, కుంకుమ కనపడింది, నల్లరాయి కనపడింది. ఎర్ర అక్షరాలు పైకి చదవబోయి సగంలోనే నోరు మూసుకున్నాడు. కాలేజీ నడిపే మనిషే, కానీ బాణామతి, చేతబడి అంటే చిన్నప్పటి నుంచీ హడల్. దాన్ని దాటితే పని అయిపోయినట్టేనని తలుపు మూసి గడియ పెట్టాడు. వెనక ఇంకేం పెట్టారోనని పెరటి తలుపూ మూయించాడు. భార్య నిర్మలమ్మ ఏదో అనబోతే, నీకు తెలవదు ఊకో అన్నాడు.

అనుమానం తిన్నగా చేగుంటలో ఉన్న తమ్ముడు మదన్ మోహన్ మీదికి పోయింది. పొలం గట్టు తగాదాతో వాళ్లిద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. ఇంద్రకరణ్ ఫోన్ చేసి నానా మాటలూ అన్నాడు. మదన్ మోహన్ మండిపడి బండి మీద గంటలో వచ్చి వాలాడు. వచ్చి, కాగితం చూసి, అతనూ ఆగిపోయాడు. అన్న బయటికి రాడు, తమ్ముడు లోపలికి పోడు. ఇద్దరూ తలుపుకు అటూ ఇటూ నిలబడి తిట్టుకుంటుంటే వాడకట్టంతా చేరింది. ఎవరో కిరసనాయిలు డబ్బా తెచ్చారు. అక్కడ కాలేజీలో పది దాటింది. కరస్పాండెంటు లేనిదే డెమోలు మొదలుకావు.

జలాల్‌ను వెతికి పట్టుకుని, అతని ఆటోలోనే సృజన వచ్చేసరికి అగ్గిపెట్టె కూడా వచ్చింది. చార్టు తనదంటే, ఉద్యోగం ఇవ్వవలసిన మనిషికే బాణామతి పెట్టిన పిల్లవుతుంది. అనకపోతే మూడు రోజుల కష్టం బూడిదవుతుంది. రెండింటిలో ఏదైనా ఉద్యోగం పోయినట్టే.

"జర ఆగుండ్రి. గా కాగితం నాది," అంది.

జనం నాలుగడుగులు వెనక్కి జరిగారు. జలాల్ మాత్రం ముందుకొచ్చి, పెట్టింది తానేనని, రాయి కూడా తనదేనని ఒప్పుకున్నాడు.

భయం ఎటుపోయిందో గానీ సృజన గొంతులోకి లెక్చరర్ వచ్చేసింది. రెండు వేల ఏళ్ల కింద రోములో ఒక సేనాపతి ఒక్కో అక్షరానికి బదులు దాని తర్వాతి మూడో అక్షరం రాసి పంపేవాడని, దారిలో శత్రువు పట్టుకున్నా వాడికి ముక్క అర్థమయ్యేది కాదని చెప్పింది. మరి దాన్ని ఎవరూ విప్పలేదా అని మదన్ మోహన్ తిట్లు ఆపి అడిగాడు. బాగ్దాదు పండితుడొకాయన ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి విప్పే దారి కనిపెట్టాడంటే, జలాల్ మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఇప్పటి లిపుల పద్ధతి ఊరంతటికి తెలిసినా ఫికరు లేదు. తాళంచెవి ఒక్కటి దాచుకుంటే చాలు. మన ఫోన్ల మెసేజులు గూడ గట్లనే భద్రంగుంటయి," అంది సృజన. "నేను మూడు జరపలే. ఒక్కటే జరిపిన. గదే దీని తాళంచెవి."

కిటికీలోంచి నిర్మలమ్మ గొంతు మెల్లగా వినిపించింది. "థ ముందట త. వ ముందట ల. ఫ ముందట ప." ఆమె వేళ్లు మడుస్తూ గుణింతాలతో సహా కూడబలుక్కుంటోంది. వీధి వీధంతా ఆమెతో పాటు పెదవులు కదిపింది.

"ఏమున్నదే అండ్ల?" లోపలి నుంచి ఇంద్రకరణ్ అడిగాడు.

"తలుపు తీయండి అని ఉన్నది," అంది నిర్మలమ్మ. "పొద్దటి సంది గా కాగితం నీకు గదే చెప్తున్నది."

గడియ ఆమే తీసింది. చార్టును దాటలేదు, వంగి రెండు చేతులా ఎత్తి పట్టుకుని వీధిలోకి వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. కిరసనాయిలు తెచ్చినాయనే అందరికంటే గట్టిగా కొట్టాడు. ఆమె వెనకాలే తలదించుకుని వచ్చిన ఇంద్రకరణ్, తమ్ముడి మొహం చూడలేక, టిఫిను చేసినవా అని అడిగాడు. ఏడాది తర్వాత అన్న నోట మంచిమాట విని మదన్ మోహన్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కాలేజీకి పోయి డెమో చూద్దామని ఇంద్రకరణ్ గొంతు సవరించుకున్నాడు.

"ఇంకేం డెమో?" అంది నిర్మలమ్మ. "ఇంటర్ తప్పిన నాకే సమజైంది. పిల్లలకు కాదా?"

సాయంత్రానికి నియామక పత్రం సృజన ఇంటికొచ్చింది. వజ్రమ్మ ఆ వీధిలో ఇంటింటికీ చక్కెర పంచి వచ్చింది.

పత్రం కింద సంతకం ఇంద్రకరణ్‌ది. నిర్ణయం ఎవరిదో వాడకట్టంతటికీ తెలుసు.