ఏదుపందికి వచ్చిన ఏటవాలు బల్ల

ఒక పెద్ద అడవిలో, చెట్లకన్నా కమిటీలు ఎక్కువైపోయిన రోజుల్లో, ముళ్లయ్య అనే ఏదుపంది సభా గుమాస్తాగా ఉండేవాడు. సభలో ఎవరేమన్నా తన ముల్లుతోనే ఆకుల మీద రాసుకోవాలి.

బల్ల లేదు పాపం. నేలకి వంగి వంగి మెడ పట్టేసేది. సగం మాటలు గాలికి పోయేవి.

"నా ఉపన్యాసాన్ని రెండు ముక్కల్లో తేల్చేశావేంటయ్యా?" అని కార్యదర్శి నక్క మండిపడింది. "ఈసారి ఒక్క మాట తప్పినా నీ ఉద్యోగం చిలక్కి ఇచ్చేస్తా."

"మెడ తిరగట్లేదండీ. పిల్లలు గలవాణ్ణి, దయచూడండి," అన్నాడు ముళ్లయ్య.

నక్క వడ్రంగిపిట్టతో బల్ల చేయించింది. అబ్బ, ఏం బల్లండీ అది! ఏటవాలుగా ఉంటుంది, మెడ వంచక్కర్లేదు. ఆకులు జారకుండా కింద అంచు, మోచేతికి నాచు మెత్త. రాసిన ఆకు తీస్తే కొత్త ఆకు దానంతటదే కిందికి జారుతుంది.

ముళ్లయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నక్క గంటసేపు దంచితే మాట పొల్లుపోకుండా రాశాడు. ఎలుగుబంటి ఆవలింత కూడా రాశాడు. చెయ్యి ఆగితేగా.

మర్నాడు సభ మొదట్లో, ఆనవాయితీ ప్రకారం, ముందురోజు రాసింది చదవాలి. ఎవరూ వినకపోవడం, చివర్లో అందరూ "ఆమోదం" అనడం కూడా ఆనవాయితీయే.

ముళ్లయ్య గొంతు సవరించుకున్నాడు. "నక్కగారు అభివృద్ధి గురించి మాట్లాడారు. ఎలుగుగారు ఆవలించారు. నక్కగారు తోడేలుగారి చెవిలో, 'ఈ సింహానికి బుర్ర లేదు, ఏం చెప్పినా తలూపేస్తుంది' అన్నారు. అధ్యక్షులు సింహంగారు తల ఊపారు."

"ఆమోదం," అంది సింహం, అందరికన్నా ముందు. ఆ తర్వాతే మాటలు దాని బుర్రకెక్కాయి.

"ఏమన్నావు నువ్వు?" అంది నక్కతో.

నక్క గబగబా ముందుకొచ్చింది. "రాతలో పొరపాటు ప్రభూ, కొట్టేయిద్దాం."

"ఆమోదించాక కొట్టేయకూడదని మీరే నిబంధన పెట్టారండీ," అని ముళ్లయ్య నసిగాడు.

సింహానికి పెద్ద చిక్కొచ్చిపడింది. నక్కని తరిమేస్తే కారణం చెప్పాలి, ఈ గుమాస్తా అదీ రాస్తాడు.

"రాయడం ఆపవయ్యా," అని గర్జించింది. ముళ్లయ్య అలవాటుకొద్దీ ఆ మాట కూడా రాసేశాడు.

"ఈ బల్ల మన అడవి సంస్కృతికి విరుద్ధం," అని నక్క తీర్మానం పెట్టింది. ఒక్కరు కూడా కాదనలేదు. బల్లని సింహం తన గుహకి మోయించుకుపోయి, దానికి ఆనుకుని నిద్రపోవడం మొదలెట్టింది.

ముళ్లయ్య ఉద్యోగం మాత్రం నిలిచింది. పైగా తక్కువ రాస్తాడని మెచ్చుకుని నక్కే సన్మానం చేసింది. దండ వేయబోతే మెడ వంచలేకపోయాడు, పాపం.

నీతి: సభ పరువు నిలవాలంటే రాసేవాడి మెడ పట్టేయాలి.