సమ్మిళిత సంగీత క్రీడోత్సవం

తోటపల్లి గూడూరు మండలంలో రొయ్యల గుంటల పక్కనున్న ఒక అంగన్‌వాడీలో పిల్లలందరూ కలిసి ఆడుకుంటున్నారన్న తీవ్రమైన సమాచారం పై అధికారులకు అందింది. ఏ పథకమూ లేకుండా ఇదెలా సాధ్యమని విచారించగా, బాధ్యురాలు టీచరు కెజియా అని తేలింది.

ఆమె చేసింది చిన్న పనే. స్టీలు బేసిన బోర్లించి గరిటెతో దరువేసేది. చెవులు వినపడని ప్రత్యూష దానిమీద అరచెయ్యి ఆనించి, అదురు అందగానే గంతులేసేది. నడవలేని రూఫస్ చెయ్యెత్తితే దరువు ఆగాలి, అందరూ బొమ్మల్లా నిలబడిపోవాలి. మూడు నెలలు ఎవరి దగ్గరికీ పోని ప్రత్యూష ఒకరోజు రూఫస్ చెయ్యి పట్టుకొని, ఇంకోసారి అని సైగ చేసింది. కెజియా వంటగదిలోకి పోయి కళ్లు తుడుచుకుంది. ఇది ఏ నివేదికలోనూ లేదు.

ఇంత మంచిపనిని దాని మానాన వదిలేయడం ప్రభుత్వానికి తగదు గనుక ఉత్సవం మంజూరైంది. షామియానా వచ్చింది, మనిషెత్తు సౌండు బాక్సులు వచ్చాయి, గంటన్నర తర్వాత అధికారి నరేంద్రబాబు గారూ వచ్చారు. ఆడుకుంటున్న పిల్లల్ని చూసి ఆయన మొహం చిట్లించారు.

"వీళ్లల్లో దివ్యాంగులెవరమ్మా? తెలీడం లేదే."

"అందరూ కలిసిపోయినారు సార్."

"అట్లయితే ఫొటోలో ఏం కనపడద్ది? ముందు విడదియ్. ఆమైన కలిపినట్టు చూపిద్దాం."

"బిడ్డ బెదురుద్ది సార్. మళ్లీ ఎవరి దగ్గరికీ రాదు."

"అయిదు నిమిషాలే కదమ్మా."

ప్రత్యేక బాలలిద్దరికీ పసుపు టోపీలు పెట్టి ముందు వరసలో కూర్చోబెట్టారు. మధ్యలో రిబ్బను కట్టి తక్కినవాళ్లను దాని వెనక నిలబెట్టారు. వేదికకు అందం కాదని బేసిన తీసేశారు. దాన్ని వెతుక్కుంటూ ప్రత్యూష రెండుసార్లు లేచి వెనక్కి పోయింది. సిబ్బంది రెండుసార్లూ ఎంతో ప్రేమగా ఎత్తుకొచ్చారు. మూడోసారి లేవలేదు. సంగీతం అడ్డుగోడల్ని ఎలా కూలుస్తుందో సారు నలభై నిమిషాలు వివరించారు. ముందు వరసను చూసి అతిథులు "పాపం" అన్నారు. అంతవరకూ ఆ మాట తోచని తల్లులు కూడా మర్యాదకు వెనకబడకుండా "పాపం" అన్నారు. కెజియాకు శాలువా కప్పారు. విదిలించుకుందామని ఆమె చెయ్యి భుజం దాకా పోయి, నమస్కారమై తిరిగొచ్చింది.

మర్నాడు ఆమె మళ్లీ బేసిన బోర్లించి దరువేసింది. పిల్లలు లేచారు గానీ పరుగున రాలేదు. ఎక్కడ నిలబడాలో తెలీక ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి నాలుగేళ్ల షారన్ వచ్చి ఆమె కొంగు పట్టుకుంది.

"టీచర్, నేను మంచి వరసా? పాపం వరసా?"