ముప్పై ఒకటో మనిషి

“గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రివర్యులు తరగతి గదిలో ఇరుక్కుపోలేదు. తమ తనిఖీని స్వచ్ఛందంగా పొడిగించుకున్నారు. ప్రజలు వదంతులు నమ్మరాదు.”

ఈ ప్రకటన మైకులో మూడోసారి వినిపించేసరికి, లోపల మంత్రిగారు కుర్చీ చేతిని పిడికిలితో గుద్దుతున్నారు. తలుపు మాత్రం కదలడం లేదు.

తప్పు తలుపుది కాదు. అది లోపలికి తెరుచుకునే తలుపు. తెరుచుకోవాలంటే దాని వెనక మూడడుగుల జాగా కావాలి. ఆ జాగాలో తొమ్మిది మంది పిల్లలు కూర్చుని ఉన్నారు. రోజూ కూర్చునేదీ అక్కడే. టీచరమ్మ వాళ్లకు ‘తలుపు బ్యాచి’ అని పేరు పెట్టింది. ఎవరైనా తలుపు తడితే “బ్యాచీ!” అని ఒక్క కేక వేస్తుంది. తొమ్మిది మందీ పుస్తకాలు నెత్తిన పెట్టుకుని, బల్ల పక్కనున్న కాస్త ఖాళీలోకి జరుగుతారు. తలుపు తెరుచుకుంటుంది. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా గురి తప్పలేదు.

ఇవాళ ఆ ఖాళీలో మంత్రిగారి కుర్చీ ఉంది.

ఎర్ర మఖమలు గుడ్డ, సింహం తలల చేతులు, ఇద్దరు సుఖంగా పట్టే వెడల్పు. పొద్దున్నే నలుగురు మనుషులు దాన్ని అడ్డంగా తిప్పి లోపలికి తెచ్చారు. మంత్రిగారు వచ్చినప్పుడు బ్యాచి ఆ కుర్చీ మీదకెక్కి దారిచ్చింది. ఆయన వాళ్లను దించి తాను కూర్చున్నారు. ఫొటో కోసం తలుపు మూయించారు. మూయక తప్పదు మరి, మూస్తేనే బోర్డు కనబడేది. ‘ఈ గదిలో ముప్పై మందికి మించరు’ అన్న ప్రభుత్వ బోర్డు తలుపు లోపలివైపు కొట్టి ఉంది. కిటికీ ఊచల్లోంచి ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. ఆ తర్వాత ఎవరూ బయటికి రాలేదు.

టీచరమ్మ నల్లబల్లకు ఆనుకుని నిలబడింది. ఆ గదిలో ఆమెకున్న స్థలం అదొక్కటే. రోజూ సాయంత్రానికి పాఠంలో సగం ఆమె వీపు మీదికి ఎక్కి ఇంటికి వెళ్తుంది. గొంతుకి విశ్రాంతి కావాలని డాక్టరు రాసిచ్చిన చీటీకి రెండేళ్లు నిండాయి. సెలవు పెడితే గదిలో నిలబడేవాళ్లు లేరు. ఈ బడికి నలుగురు టీచర్లు. ఇద్దరు ఓటర్ల జాబితా పనిలో, ఒకరు విద్యాశాఖ ఆఫీసులో ఉన్నారు. అక్కడ ఆయన పని, బళ్లలో టీచర్లు ఎందుకు కనబడటం లేదో పరిశోధించడం. రెండో గది కూడా ఉంది. దాని నిండా ‘ముప్పై మందికి మించరు’ బోర్డులు పేర్చి తాళం వేశారు.

“అయ్యా,” అంది టీచరమ్మ, ఉన్న కాస్త గొంతుతో. “మీరొక్క నిమిషం లేచి నా పక్కన నిలబడండి. బ్యాచి మళ్లీ కుర్చీ ఎక్కుతుంది. తలుపు వచ్చేస్తుంది.”

కిటికీలోంచి పీఏ ముఖం లోపలికి దూరినంత పని చేసింది.

“అమ్మా, ఊరుకోండి! బయట ఆరు చానెళ్లున్నాయి. ‘కుర్చీ వదిలిన మంత్రి’ అని కింద అక్షరాలు పరిగెత్తిస్తారు. అదీ కేబినెట్ మార్చే వారంలో!”

మంత్రిగారు రెండు సింహాల తలలూ గట్టిగా పట్టుకున్నారు. “కుర్చీ సంగతి వదిలెయ్. ఇంకేదైనా చెప్పు.”

పదవిని ఇంతగా ప్రేమించే నాయకుడు దొరకడం విద్యాశాఖ అదృష్టం.

అసలు ఆయన వచ్చింది ఒక సంతకం కోసం. ‘నా గదిలో ముప్పై మందే ఉన్నారు. మరో టీచరు అక్కర్లేదు’ అన్న పత్రం మీద అన్ని బళ్లవాళ్లూ సంతకం పెట్టారు. టీచరమ్మ ఒక్కతే పెట్టలేదు. పైగా రెండో టీచరు కావాలని తొమ్మిది అర్జీలు పంపింది. తొమ్మిదింటికీ ఒకటే జవాబు: ‘మీ గదిలో ముప్పై ఒకటో మనిషి ఎవరో చూపండి.’

చూపడం కష్టం. గదిలో ఉన్నది నూట నలభై ఎనిమిది మంది అయినా, హాజరు పట్టీలో ముప్పై నంబర్లే ఉన్నాయి. ఆ ఏర్పాటు విద్యాధికారిగారి మేధస్సు. ఒక్కో నంబరుకి ఐదుగురు: ఒకటి-అ, ఒకటి-ఆ, ఒకటి-ఇ, ఒకటి-ఈ, ఒకటి-ఉ. ముప్పయ్యో నంబరుకి మాత్రం ముగ్గురే. అంటే ఇంకో ఇద్దరికి చోటుంది. పై అధికారులకు వెళ్లేది నంబర్ల లెక్క. అక్షరాలు బడిలోనే ఉండిపోతాయి. బడి ఉన్నదే అక్షరాల కోసమని విద్యాధికారిగారి వివరణ.

గంట గడిచింది. మంత్రిగారి ముఖంలో దేశభక్తి కాని భావం ఒకటి కనబడింది. కాలి మీద కాలు వేసుకున్నారు. తీసేశారు. మళ్లీ వేసుకున్నారు.

“టీచరమ్మా,” గొంతు తగ్గించారు, “ఇక్కడ... అది... ఎటువైపు?”

“ఆవరణకి ఆ చివరండీ. తాళం ఉంటుంది.”

“మరి మీరేం చేస్తారు?”

“పొద్దున మంచినీళ్లు తాగకుండా వస్తామండీ. ఇంటికెళ్లి తాగుతాం. పదకొండేళ్లుగా అలవాటైపోయింది.”

మంత్రిగారు పొద్దుటి నుంచి మూడు కొబ్బరిబోండాలు తాగి ఉన్నారు.

“తలుపు పగలగొట్టండ్రా!” అని అరిచారు.

బయట వడ్రంగి రంపం పట్టుకుని సిద్ధంగానే ఉన్నాడు. కానీ కదల్లేదు.

“కాయితం కావాలండి,” అన్నాడు. “పోయినేడు ఇదే బళ్లో విరిగిన బెంచీకి మేకు కొట్టాను. ప్రభుత్వ ఆస్తి పాడుచేశానని మూడు నెలలు తిప్పారు. కాయితం లేందే నా రంపం కదలదండి.”

వడ్రంగి పక్కనే ఉన్న విద్యాధికారిగారు సంచీలోంచి ఉత్తర్వుల పుస్తకం తీశారు. ఇరవయ్యారేళ్ల సర్వీసులో ఆయన ఏ ఉత్తర్వునూ ధిక్కరించలేదు. అర్థం చేసుకోవడానికి ప్రయత్నించిన దాఖలాలూ లేవు. కళ్లజోడు సవరించుకుని చదివారు.

“తలుపు పగలగొట్టాలంటే, గదిలో ముప్పై మందికి మించి ఉన్న వ్యక్తి ఎవరో తేల్చి, అతన్ని బాధ్యుణ్ణి చేయాలి. పేరు, హోదా బహిరంగంగా చదివి వినిపించాలి. అలా రుజువైన బడికి అదే రోజు రెండో టీచరును వెయ్యాలి.”

“ఎవడయ్యా ఇది రాసింది?” అని మంత్రిగారు గర్జించారు.

“తమరేనండి. పోయిన నెల.”

రాసినప్పుడు మంత్రిగారు చాలా నవ్వుకున్నారు. ముప్పై ఒకటో మనిషి ఎక్కడా దొరకడని ఆయనకు అధికారికంగా తెలుసు.

టీచరమ్మ మాత్రం ఆ చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. రెండో టీచరు. అదే రోజు. గొంతు సవరించుకుంది.

విద్యాధికారిగారు కిటికీ దగ్గరికొచ్చి బుజ్జగింపుగా మాట్లాడారు. “చూడమ్మా, నువ్వు నా చెల్లెల్లాంటిదానివి. నీ పేరు రాసేస్తాను. గదిలో నువ్వే అదనం. చిన్న సస్పెన్షన్, అంతే. ఇంట్లో విశ్రాంతిగా ఉంటుంది.”

“అలాగే రాయండి అన్నయ్యగారూ,” అంది టీచరమ్మ. “నేను అదనమైతే ఇక్కడ నాకు పని లేదు కదా. తలుపు రాగానే వెళ్లిపోతాను. ఈ నూట నలభై...”

“ముప్పై!”

“ఈ ముప్పై మందినీ సాయంత్రం దాకా మీరే చూసుకోండి. లెక్కల పీరియడు నడుస్తోంది. భిన్నాలు.”

విద్యాధికారిగారు ఊచల్లోంచి లోపలికి చూశారు. నూట నలభై ఎనిమిది జతల కళ్లు ఆయన్ని చూశాయి. ఆయన కలం మూత పెట్టేశారు.

“పోనీ, పిల్లల్లో ఎవర్నో ఒకర్ని చెప్పు. చిన్నవాణ్ణి. సంతకం పెట్టలేనివాణ్ణి.”

“పిల్లలందరికీ నంబర్లున్నాయి కదండీ. మీరే ఇచ్చారు. నంబరు లేనివాళ్లే అదనం. హాజరు పిలుస్తాను, ఎవరు మిగులుతారో తేలిపోతుంది. ఆ మైకు ఇటివ్వండి, నాకు గొంతు లేదు.”

ఇందులో తప్పు పట్టడానికి విద్యాధికారిగారికి ఏ నిబంధనా దొరకలేదు. మైకు ఊచల్లోంచి లోపలికి వచ్చింది.

“ఒకటి-అ.”

“ఉన్నానండీ!”

“ఒకటి-ఆ.”

“ఉన్నానండీ!”

బయట ఆరు చానెళ్లూ మైకుపెట్టెల వైపు తిరిగాయి. ఏడు-ఈ దగ్గర మాత్రం జవాబు రాలేదు. వాడు ఎవరి మోచేతి కిందో నిద్రపోతున్నాడు. ఆ గదిలో ఇలాంటి వాటికి ఒక కట్టుబాటుంది. పిలిచినవాళ్లు పలక్కపోతే తక్కినవాళ్లంతా కలిసి పలుకుతారు.

“ఉన్నాడండీ!” అని గదంతా అరిచింది. పైకప్పు నుంచి సున్నం రాలి మంత్రిగారి తల మీద పడింది. ఆయన దులుపుకోలేదు. చేతులకు వేరే పని ఉంది, సింహాలు నలిగిపోతున్నాయి.

పదకొండు. పదిహేను. ఇరవై రెండు. మంత్రిగారు కళ్లు మూసుకున్నారు. పెదవులు కదుపుతున్నారు. రాష్ట్ర భవిష్యత్తు గురించి ధ్యానిస్తున్నారని పీఏ చానెళ్లకు చెప్పాడు.

“ముప్పై-ఇ.”

“ఉన్నానండీ!”

టీచరమ్మ పట్టీ మూసింది. “ముప్పై నంబర్లూ హాజరండీ. నేను టీచరు పోస్టులో ఉన్నాను. ఇక పట్టీలో పిలవాల్సిన నంబరు లేదు.” మైకును ఊచల్లోంచి విద్యాధికారిగారి చేతికే తిరిగి ఇచ్చింది.

ఆయన తలుపు పగలగొట్టే పత్రం మీద వంగి రాయసాగారు. పీఏ తొంగిచూశాడు. చూసి మైకు తీగ పట్టుకున్నాడు.

“సార్, వద్దు సార్! ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి!”

“ఖాళీ వదిలితే పత్రం చెల్లదండి. ఉత్తర్వు.”

“ఇంకా ఏంట్రా నాన్చుతున్నారు?” లోపలి నుంచి మంత్రిగారి కేక. కుర్చీలోంచి లేవకుండానే లేచినంత పని చేశారు. “నా ప్రాణం పోతోందిక్కడ! దొరికాడా లేడా ఆ అదనపు వెధవ?”

“దొరికారండి,” అన్నారు విద్యాధికారిగారు వినయంగా.

“అయితే చదవ్వేం? ఎవడైతే నాకేంటి! హోదాతో సహా చదువు! ఊరంతా వినాలి! నా ఆర్డరు!”

పీఏ తీగ వదిలేశాడు. వడ్రంగి రంపం తలుపుకి ఆనించాడు. టీచరమ్మ సుద్దముక్క పక్కన పెట్టి, చేతులు దులుపుకుంది.

విద్యాధికారిగారు నిటారుగా నిలబడ్డారు. ఇరవయ్యారేళ్ల విధేయతనంతా గొంతులోకి తెచ్చుకుని మైకులో చదివారు.

“ఈ గదిలో అదనంగా ఉన్న వ్యక్తి, బాధ్యుడు: గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రివర్యులు.”

పిలిచినవాళ్లు పలకలేదు.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత నూట నలభై ఎనిమిది గొంతులూ ఒక్కటై పలికాయి.

“ఉన్నారండీ!”