ఖలాసీ పైడయ్య సంతాప సభ

ఆ శుక్రవారం పొద్దున్న రమణమూర్తి పెట్టుకున్న పని ఒక్కటే. నోరు మూసుకుని ఆఫీసుకు వెళ్లి, పర్మినెంటు ఆర్డరు పుచ్చుకుని, నోరు మూసుకునే ఇంటికి రావడం. విశాఖపట్నం హార్బరులో ఓడల నుంచి సరుకు దింపే ఒక చిన్న కంపెనీలో అతను కూలీల హాజరు పట్టీ రాసే మస్టరు గుమాస్తా. చేరి ఆరేళ్లయింది. ఆరేళ్లూ టెంపరరీయే. మేనేజరు భుజంగరావు గారు ఆర్డరు టైపు చేయించి టేబులు మీద పెట్టుకున్నారనీ, శుక్రవారం సాయంత్రంలోగా సంతకం పడిపోతుందనీ అటెండరు అప్పలసూరి ముందు రోజే చెవిలో వేశాడు.

"ఈ ఒక్క రోజుకీ ఆ బొమ్మల పుస్తకం గొడవ ఎత్తకండి," అంది భార్య పద్మావతి ఇస్త్రీ చొక్కా అందిస్తూ. "ఆర్డరొస్తే నడిచి సింహాచలం కొండెక్కుతానని మొక్కుకున్నాను."

"నానెందుకెత్తుతాను? నాకేటి పిచ్చా?"

ఆ ప్రశ్నకు జవాబు మంచం కింద ట్రంకుపెట్టెలో తొమ్మిదేళ్ల సంచికలుగా ఉంది.

బెజవాడ నుంచి నెలనెలా వచ్చే ఆ బొమ్మల పుస్తకం పేరు 'కెరటం'. అందులో కథానాయకుడు పగలు హార్బరులో బస్తాలు మోసే ఖలాసీ పైడయ్య. ఎవరికైనా ఆపద వస్తే సముద్రంలో దూకి, మూడు తాటిచెట్ల ఎత్తున కెరటమై లేస్తాడు. పైడయ్యే కెరటమన్న సంగతి కథలో ఒక్క పురుగుక్కూడా తెలియదు, చదివేవాళ్లకే తెలుసు. అందుకని విశాఖపట్నం అభిమాన సంఘం తొమ్మిది మంది సభ్యులతో ఏర్పడిన నాడే మొదటి నిబంధన రాసుకుంది. రహస్యం పైకి పొక్కకూడదు. పదిమంది చూసే కాగితం మీద ఎప్పుడూ పైడయ్య అనే రాయాలి, కెరటమని రాయకూడదు. ఆ సంఘానికి కార్యదర్శి రమణమూర్తే.

హార్బరు గేటు దగ్గర గంగాలమ్మ టీ కొట్టుకు అతను చేరేసరికి సంఘం సగం అక్కడే ఉంది. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నచోట వెల్డరుగా పనిచేసే సన్యాసిరాజు పేపరు పట్టుకుని పెళ్లి తప్పిపోయినవాడి ముఖంతో కూర్చున్నాడు.

"అయిపోనాది బావా. సినిమా కంపెనీవోళ్లు కొనీసినారు. పుస్తకాన్నీ, పైడయ్యనీ, మొత్తాన్ని."

రమణమూర్తి పేపరు లాక్కున్నాడు. మూడో పేజీలో, కింద, నాలుగే వాక్యాలు. మద్రాసు సినిమా కంపెనీ ఒకటి 'కెరటం' ప్రచురణ సంస్థను సర్వహక్కులతో కొనుగోలు చేసింది. ఇకపై బొమ్మలు కంపెనీ చిత్రకారులే వేస్తారు.

"ఇంకేటుంది, పైడయ్య చేత డేన్సు కట్టిస్తారు," అన్నాడు సన్యాసిరాజు. "ఊటీ పంపిస్తారు. ఊటీలో సముద్రమేదీ?"

"నాను పడవ ముక్కుకి ఆడి బొమ్మేయించుకున్నాను," అన్నాడు తాతబాబు. అతను సముద్రం మీద వేటకు వెళ్లే మనిషి. "ఇప్పుడది గోకీమంటారేటి? ఆ బొమ్మున్నాకే మా పడవకి వల చిరగలేదు."

గంగాలమ్మ ఒక్కతే సంతోషించింది. "మంచిదే కదరా. నాకు సదువు రాదు. నెలనెలా మీరు సదివి సెప్తే ఇంటన్నాను. తెర మీదకొస్తే నాకు నానే సూసుకుంటాను."

"తెర మీదకొచ్చేది మన పైడయ్య కాడు పిన్నీ," అన్నాడు రమణమూర్తి. "ఏ పుస్తకంలోనైనా మనలాగ మాట్లాడినోడు ఒక్కడున్నాడా? ఎండుచేపల కూర తిని లోకాన్ని కాపాడినోడు ఒక్కడున్నాడా? ఆడింక లేడనుకోవడమే."

లేడనుకున్నాక సంతాప సభ పెట్టాలిగదా అన్నాడు సన్యాసిరాజు. సాయంత్రం అయిదింటికి కొట్టు దగ్గరే పెడదామన్నారు. బొమ్మలు వేసే సీ.తా. గారిని కూడా పిలవాలన్నారు. ఆ రెండక్షరాల సంతకం తప్ప ఆయనెవరో ఎవరికీ తెలియదు. ఎప్పుడో రమణమూర్తి రాసిన ఉత్తరానికి భీమునిపట్నం చిరునామాతో జవాబొచ్చింది, అంతే. తాతబాబు భీమిలి బస్సెక్కాడు. రమణమూర్తి ఆఫీసుకు పోయి, ఒక తెల్లకాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు.

'మన ఖలాసీ పైడయ్య ఇక లేడు. సంతాప సభ నేటి సాయంత్రం 5 గంటలకు. అందరూ రావలెను. ఇట్లు, రమణమూర్తి.'

నిబంధన ప్రకారం కెరటం మాట ఎక్కడా రాకుండా చూసుకున్నాడు. కాగితం అప్పలసూరికిచ్చి, "బోర్డుకి పెట్టీ మావా," అన్నాడు. అతని ఉద్దేశం గంగాలమ్మ కొట్టులో ధరలు రాసే బోర్డు. కానీ అప్పలసూరి ముప్ఫయ్యేళ్లుగా ఆ ఆఫీసులో కాగితాలు మోస్తున్న మనిషి. ఆఫీసులో పుట్టిన కాగితం ఆఫీసు నోటీసు బోర్డుకే పోతుందని అతని నమ్మకం. నాలుగు గుండుసూదులు గట్టిగా గుచ్చి, చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

పదిన్నరకు ఖలాసీల సంఘం నాయకుడు వీరన్న ఆ బోర్డు ముందు ఆగాడు. ఆ హార్బరులో ఒక ఆచారం ఉంది. ఖలాసీ ఎవరైనా పోతే, అతని మీద ఆధారపడ్డ మనిషికి కంపెనీ ఉద్యోగం రాసిచ్చేదాకా ఓడ మీద బస్తా కదలదు. ఆ ఆచారాన్ని నిలబెట్టినవాడు వీరన్నే. అలాంటిది ఒక ఖలాసీ పోయాడన్న కబురు అతనికి నోటీసు బోర్డు చెప్పాల్సి వచ్చింది. పైగా పైడయ్య ఎవరో ఎంత తలగోక్కున్నా గుర్తు రావడం లేదు. నాయకుడికి తన మనిషి గుర్తు లేడంటే పరువు దక్కదు.

"మన పైడయ్య పోనాడంట్రా," అన్నాడు ఓడ కట్టేసిన బెర్తు దగ్గరకు వెళ్లి, తలగుడ్డ తీసి. "మొన్ననే నాతో బీడీ కాల్చినాడు."

నాయకుడే బీడీ కాల్చాక మిగతావాళ్లకు గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? ఒకడికి పైడయ్య పొడుగు గుర్తొచ్చింది. ఇంకొకడికి నవ్వు గుర్తొచ్చింది. ఆనందపురం దగ్గర పల్లెటూరని ఒకడన్నాడు, వాళ్ల అమ్మను తాను ఎరుగుదునని మరొకడన్నాడు. పదకొండు గంటలకు క్రేన్లు ఆగాయి. రెండు వందల మంది కిందకు దిగి షెడ్డు ముందు కూర్చున్నారు. గోధుమల ఓడ కెప్టెను డెక్కు మీదకొచ్చి ఏమైందని సైగలతో అడిగాడు. ఒక ఖలాసీ ఆకాశం వైపు చూపించాడు. కెప్టెను టోపీ తీశాడు.

భుజంగరావు గారు గుడివాడ నుంచి వచ్చిన మనిషి, చెమట ఎక్కువ. మస్టరు మూడుసార్లు తిరగేశారు. పైడయ్య లేడు. మస్టరులో లేని మనిషి చేత పని చేయించి, అతను పోయాడంటే కంపెనీ మెడకు చుట్టుకుంటుంది. వెంటనే రమణమూర్తికి కబురు పెట్టారు.

కిటికీలోంచి ఆగిన క్రేన్లనూ, దారిలో నోటీసు బోర్డు మీద తన కాగితాన్నీ చూసిన రమణమూర్తికి అప్పటికే జరిగింది అర్థమైంది. టేబులు మీద, గాజు పేపర్‌వెయిటు కింద, అతని పర్మినెంటు ఆర్డరు సంతకం లేకుండా ఉంది.

"సార్, పైడయ్య అనే మనిషి లేడండి."

"లేడని బోర్డు మీద చూశానయ్యా. ఉన్నప్పుడు మస్టరులో ఎందుకు లేడు?"

"అసలు ఎప్పుడూ లేడండి. అతను..." రమణమూర్తి పేపర్‌వెయిటు వైపు చూశాడు. బొమ్మల పుస్తకంలోని మనిషి కోసం ఓడ ఆగిందని చెబితే ఆ కాగితం ఎటు పోతుందో అతనికి తెలుసు. పద్మావతి మొక్కు గుర్తొచ్చింది. మిగతా మాట మింగేశాడు.

భుజంగరావు గారు దాన్ని వేరేగా అర్థం చేసుకున్నారు. తలుపు దగ్గరకు వేసి, గొంతు తగ్గించారు. "అర్థమైంది. కంపెనీ పరువు కోసం దాస్తున్నావు. మంచివాడివి. ఎవరడిగినా మస్టరు సంగతి ఎత్తకు. సభ అయ్యాక నీ ఆర్డరు సంతకం పెడతాను." ఆ తర్వాత ట్రంకు కాల్ చేసి, ఒక ఖలాసీ పోయాడనీ, కుటుంబాన్ని ఆదుకుంటున్నామనీ, సాయంత్రానికి పని మొదలవుతుందనీ కలకత్తా హెడ్డాఫీసుకు చెప్పేశారు.

మూడు గంటలకు తాతబాబు భీమిలి నుంచి తిరిగొచ్చాడు. పక్కన నలభై ఏళ్ల ఆడమనిషి. వెలిసిన చీర, చంకలో గుడ్డ మూట, గోళ్లలో రంగులు. పేరు సీతాలు. సీ.తా. అంటే పెద్ద మీసాలాయన అనుకున్న తాతబాబు ఆ దిగ్భ్రమ నుంచి ఇంకా తేరుకోలేదు. షెడ్డు ముందు అంతమంది ఖలాసీలు తలగుడ్డలు తీసి కూర్చోవడం చూసి ఆమెకు కన్నీళ్లాగలేదు.

వీరన్న లేచి వచ్చాడు. "పైడయ్య నీకేటవుతాడమ్మా?"

"నా సేతుల్లో పుట్టినాడు బాబూ. తొమ్మిదేళ్లు నాకు కూడెట్టినాడు. నిన్న కంపెనీవోళ్ల ఉత్తరమొచ్చింది. ఇంక నీకూ ఆడికీ సంబంధం లేదని రాసినారు."

వీరన్న పళ్లు పటపటలాడించాడు. తాతబాబు ఏదో చెప్పబోతే పక్కకు నెట్టి, ఆమెను నేరుగా మేనేజరు గదికి తీసుకుపోయాడు. తల్లికి అలాంటి ఉత్తరం రాస్తారా అని అతను టేబులు గుద్దేసరికి భుజంగరావు గారికి చెమటలు కారిపోయాయి. ఆ ఉత్తరం ఎవరు రాశారని అడిగే ధైర్యం కూడా ఆయనకు లేకపోయింది.

"ఏం పని వచ్చమ్మా నీకు?"

"బొమ్మలేస్తాను. పడవల మీద పేర్లు రాస్తాను."

కంపెనీలో పెయింటరు పోస్టు రెండేళ్లుగా ఖాళీ. షెడ్డు నంబర్లు చెరిగిపోయాయి, ప్రమాద సూచికల మీద పుర్రె బొమ్మ వంకాయలా తయారైంది. పది నిమిషాల్లో ఆర్డరు టైపయింది, సంతకం పడింది. పక్కనే నిలబడ్డ రమణమూర్తి, "సార్, ఒక్క మాట," అని మూడుసార్లు అన్నాడు. మూడుసార్లూ మేనేజరు గారు 'తర్వాత' అన్నారు.

వరండాలోకి వచ్చాక సీతాలు ఆ కాగితం అతని చేతిలో పెట్టింది. "ఇది నాకెందుకిచ్చినారు బాబూ?"

రమణమూర్తి ఆమెకు జరిగిందంతా చెప్పాడు.

"నాకు పని అవసరమే. ఇంట్లో పొయ్యెలిగేది పైడయ్య వల్లే. కానీ అబద్ధం మీదొచ్చిన కూడు ఆడెప్పుడూ ముట్టలేదు. నాను తింటే ఆడి బొమ్మ మళ్లీ ఎయ్యగలనా? సభలో నాను సెప్పీస్తాను."

"మీరు చెప్పొద్దమ్మా," అన్నాడు రమణమూర్తి. "రాసినోడ్ని నాను. నానే చెప్తాను."

అయిదింటికి సభ కొట్టు దగ్గర కాదు, షెడ్డు ముందే మొదలైంది. గంగాలమ్మ టీ తెచ్చింది. వీరన్న బంతిపూల దండ పట్టుకుని, "పొటో ఏదమ్మా?" అన్నాడు. సీతాలు మూట విప్పి ఒక పెద్ద కాగితం తీసింది. అందులో బస్తా దించి, తలపాగా బిగించుకుంటున్న పైడయ్య. సగం ఒళ్లు అప్పటికే నీళ్లవుతోంది.

రమణమూర్తి లేచి నిలబడ్డాడు. సంఘం మొదటి నిబంధనను రెండు వందల మంది ముందు తుంగలో తొక్కాడు. పైడయ్య మనిషి కాదని, బొమ్మల పుస్తకంలోని కెరటమని చెప్పాడు, తప్పంతా తనదని చెప్పాడు. తర్వాత సీతాలు వైపు తిరిగాడు.

"మా నాన్న ఇక్కడే ఖలాసీ అమ్మా. బతికున్నన్నాళ్లూ ఏ పని చేస్తాడని ఎవరైనా అడిగితే సిగ్గుపడి చెప్పేవోడ్ని కాదు. మీ పుస్తకం చదివినాకే తలెత్తుకుని చెప్పినాను. మీకు దండం పెడదామని తొమ్మిదేళ్లుగా అనుకుంటన్నాను." చెప్పి దండం పెట్టాడు.

భుజంగరావు గారు కలకత్తాకు చేసిన ట్రంకు కాల్ గుర్తు తెచ్చుకుంటున్నారు. పైడయ్య లేడని ఇప్పుడు మళ్లీ ఫోన్ చేసి ఎలా చెప్పాలో ఆయనకు బోధపడలేదు. వీరన్న తాను కాల్చిన బీడీ గుర్తు తెచ్చుకుంటున్నాడు. రెండు వందల మందీ తలొక జ్ఞాపకం చెప్పుకుని ఉన్నారు. పొద్దున్నుంచీ ఒక్కడైనా ఎరగననలేదు.

వీరన్న ఆ బొమ్మను దగ్గరగా తీసుకుని చాలాసేపు చూశాడు. బస్తాలు మోసి భుజం మీద కాయకాసిన మచ్చ దాకా సీతాలు వదలకుండా వేసింది. అతను తన భుజం తడుముకున్నాడు.

"ఈడే," అన్నాడు నెమ్మదిగా. "నాతో బీడీ కాల్చినోడు ఈడే."

"ఆ ముక్కు నేనూ ఎరుగుదును," అన్నారు భుజంగరావు గారు చెమట తుడుచుకుంటూ. "మన మనిషే. ఇచ్చిన ఆర్డరు ఇచ్చినట్టే." అక్కడే, వీరన్న వీపు మీద కాగితం ఆనించి, రమణమూర్తి ఆర్డరు మీద కూడా సంతకం పెట్టారు.

అర్ధగంటలో క్రేన్లు కదిలాయి. ఖలాసీలు ఒక్కొక్కరే వచ్చి సీతాలుకు దండం పెట్టి పనిలోకి పోయారు. ఆమె ఏడుస్తూనే అందరి పేర్లూ అడిగింది. రహస్యం బయటపెట్టినందుకు సన్యాసిరాజు మాత్రం అలిగి, రెండు వందల మంది చేతా మొదటి నిబంధన మీద ప్రమాణం చేయించి సంఘంలో చేర్చుకున్నాక గాని రమణమూర్తితో మాట్లాడలేదు. పద్మావతి సింహాచలం కొండెక్కి వచ్చి, ట్రంకుపెట్టెను మంచం కింద నుంచి తీసి ముందు గదిలో పెట్టింది.

నాలుగు నెలలకు మద్రాసు నుంచి సీతాలుకు ఉత్తరం వచ్చింది. కంపెనీ చిత్రకారుల్లో ఒక్కరికీ పైడయ్య తలపాగా చుట్టడం చేతకాలేదట, బొమ్మలు మళ్లీ ఆమెనే వెయ్యమన్నారు. ఆమె ఆదివారాలు వేస్తానని జవాబు రాసింది.

పైడయ్య మళ్లీ బతికాడన్న కబురు ఆఫీసుకు చేరిన రోజున, ఇన్నాళ్లూ డ్యూటీకి రానందుకు అతని సంజాయిషీ తీసుకోమని భుజంగరావు గారు రమణమూర్తికి మెమో ఇచ్చారు.