నాలుగో సిలిండరు

శశిభూషణ్ తన ఎర్ర కారుకి పెద్ద ఇంజెక్టర్లు వేయించిన సోమవారం నుంచి, విజయవాడలోని ఆ వీధిలో నూట నలభై మంది వంతులవారీగా ఊపిరి బిగబట్టడం మొదలుపెట్టారు. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. లెక్క అలా వచ్చింది.

ఇంజెక్టరంటే ఇంజనులో పెట్రోలు మండే గదుల్లోకి, అంటే సిలిండర్లలోకి, దాన్ని సన్నటి తుంపరగా చిమ్మే చిన్న గొట్టం; నాలుగు సిలిండర్లకి నాలుగు. కారుతో పాటు వచ్చినవి ఒక్కోటి నిమిషానికి నాలుగు వందల మిల్లీలీటర్లు చిమ్మేవి. ఆటోనగర్ మెకానిక్ నాగుల్ మీరా బిగించినవి వెయ్యి చిమ్ముతాయి. బిగించే ముందు నాలుగింటినీ వరసగా గాజు గొట్టాల మీద పెట్టి కొలిస్తే, నాలుగింటిలోనూ పెట్రోలు ఒకే గీత దగ్గర ఆగింది. ఆ వీధిలో అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నప్పుడు కూడా అంత సమానంగా రాలేదని చూసినవాళ్ళు మెచ్చుకున్నారు.

చిక్కల్లా గాలితోనే వచ్చింది. కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు పదిహేను కిలోల గాలి కావాలి.

“బిర్యానీలో మసాలా పెంచి బియ్యం పెంచకపోతే ఏమవుద్ది సార్?” అన్నాడు నాగుల్ మీరా. “అందరూ గాలిని లోపలికి తోసే పెద్ద టర్బో ఏయించుకుంటారు. అది బయటిదేశం నుంచి రావాల, మూణ్ణెల్లు పడద్ది. మీ వీధైతే ఇక్కడే ఉంది గదా, వాళ్ళు పీల్చకుండా మిగిల్చిన గాలి బండికి సరిపోద్ది.”

వీధి సంక్షేమ సంఘం కార్యదర్శి దక్షిణామూర్తి కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్ళు కరెంటు కోతల పట్టికలు వేసిన చెయ్యి. ఒక్క సాయంత్రంలో ఊపిరి పట్టిక తేల్చేశారు. సరిసంఖ్య ఇళ్ళు ఉదయం, బేసిసంఖ్య ఇళ్ళు సాయంత్రం. దరఖాస్తులో పేరు, ఇంటి నంబరు, గాలి పీల్చక ముందు ఛాతీ కొలత, పీల్చాక కొలత రాయాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళు డాక్టరు సర్టిఫికెట్ జతచేస్తే మినహాయింపు దొరుకుతుంది. వాళ్ళు ఊరికే నిట్టూర్చకుండా ఉంటే చాలు. పుట్టినరోజుకి బుడగలు ఊదాలంటే రెండు రోజుల ముందు అర్జీ పెట్టుకోవాలి. కుళాయి దగ్గర పోట్లాటలు తిట్టు మధ్యలోనే ఆగిపోయేవి, మిగతా సగం సాయంత్రం తిట్టుకునేవారు.

కారు మాత్రం కారే. శశిభూషణ్ బటన్ నొక్కగానే గోడల మీది క్యాలెండర్లు కదిలేవి. మోత ముందు అరికాళ్ళకి తెలిసి, తర్వాత చెవులకి వినిపించేది. అరుగు మీద కూర్చున్న ముసలివాళ్ళు మొహాలు నీలంగా మారుతున్నా బొటనవేలు పైకెత్తి చూపేవారు.

సమస్య ఒక్క తిరుపతమ్మకే వచ్చింది. పంతొమ్మిదేళ్ళ ఆ పిల్ల కబడ్డీ ఆడుతుంది. ఒక్క గుక్కలో యాభై రెండు సెకన్లు కూత పెడుతుంది. రాష్ట్ర జట్టులోకి ఎంపికైతే క్రీడల కోటాలో ఉద్యోగం వస్తుంది. ఎంపిక పోటీలు ఆదివారం పదకొండు గంటలకి. అదే పదకొండు గంటల ప్రాంతంలో, ఊరవతల వాడుకలో లేని విమానాల రన్‌వే మీద, కారు పావు మైలు పరుగు.

“ఆ ఒక్క పూట నన్ను తప్పించండి బాబాయ్ గారూ,” అంది తిరుపతమ్మ.

దక్షిణామూర్తి రిజిస్టరు తిప్పి చూశారు. “నీ ఒక్కదాని ఊపిరి ఇరవైమంది పెట్టమ్మాయ్. నిన్ను తీసేస్తే నాలుగో సిలిండరు మండదు.”

“మరి మిగతా మూడూ?”

“మూడిటికీ కలిపి మిగతా వీధి. నాలుగోది నువ్వే.”

“నేనొక్కదాన్నే?”

“నువ్వొక్కదానివే. ఇందులో నా పొగడ్తేం లేదు, లెక్క.”

“పోనీ ఒక్క అరనిమిషం ఒదలండి. కూతకెళ్ళే రైడంటే ముప్పై సెకన్లే గదండీ.”

“బండి పరుగు పది సెకన్లే. నీదే ఎక్కువ,” అన్నారాయన. అందులో తప్పేమీ కనబడక ఆమె సంతకం పెట్టింది.

ఆదివారం పదకొండూ నాలుగుకి ఆమె పేరు పిలిచారు. గీత దాటుతూ కూత అందుకుంది. కుడివైపు అమ్మాయి భుజం తాకింది. మూలనున్న అమ్మాయి మోకాలు తాకింది. ఇంకో మూడడుగులు వెనక్కి వేస్తే చాలు. అక్కడ రన్‌వే మీద శశిభూషణ్ యాక్సిలరేటర్ తొక్కాడు. ఇక్కడ “కబడ్డీ కబ” దగ్గర కూత తెగింది. రిఫరీ ఈల వేసి, ఔటని చెయ్యి చూపించి, కాగితం మీద కారణం అన్నచోట ‘కారు’ అని రాశాడు.

సెలెక్టరు ఆ కాగితం చదివి తలెత్తాడు. “ఎన్నో సిలిండరమ్మా?”

తిరుపతమ్మ నాలుగు వేళ్ళు చూపించింది.

ఆయన లేచి నిలబడ్డాడు. “కారు పావు మైలు ఎంతలో కొట్టింది?”

ఆమె తన ఫోను వైపు వేలు చూపించింది. ఫోను మోగేదాకా అందరూ ఆగారు. వచ్చిన మెసేజీ చూపించింది. తొమ్మిది పాయింటు ఎనభై సెకన్లు. అవతలి జట్టు అమ్మాయిలు కూడా చప్పట్లు కొట్టారు. “మా వీధిలోనూ ఉన్నాయి కార్లు, ఎందుకూ?” అని సెలెక్టరు పక్కాయనతో అని, తర్వాతి పేరు పిలిచాడు.

వారం తిరక్కుండా శశిభూషణ్ ఇంకా పెద్ద ఇంజెక్టర్లు తెప్పించాడు. పక్క వీధిని కూడా పట్టికలో కలిపారు. తిరుపతమ్మకి ఇక ఆటలు లేవు కాబట్టి వంతు పద్ధతి తీసేసి పూర్తికాలం వేశారు.

“మా అమ్మాయికి పర్మనెంటయిందే,” అని వాళ్ళమ్మ రత్తమ్మ గుడివాడలో ఉన్న చెల్లెలికి ఫోను చేసింది. “నాలుగో సిలిండర్లో.”

“ఆ కారెక్కిందా మరి?” అంది చెల్లెలు.

“ఎక్కడమెందుకే? ఇంట్లో కూర్చుంటే దాని మోత ఇనపడద్ది గదా.”