చేపలు, కోళ్ళు, ఒక బస్సు

శనివారం పొద్దున్నే షారోన్ ఆ రోజు పనంతా ఒక కాగితం మీద రాసుకుంది. పది దాకా కోళ్ళు, పన్నెండు దాకా బస్సు, తర్వాత చెరువు. ఈ మూడూ ఆమె సరదాకి కంప్యూటర్లో తయారుచేస్తున్న ఆటలు. వాటిలో ఒక్కటైనా సాయంత్రం ఐదులోపు వట్లూరులో ఒక కాలేజీ పెట్టిన పోటీకి పంపాలి. రెండేళ్ళలో షారోన్ పదకొండు ఆటలు మొదలుపెట్టింది. పూర్తి చేసినవి సున్నా. ఈసారీ పంపలేకపోతే ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళం వేసేస్తానని తల్లి మార్తమ్మకు మాటిచ్చేసింది. మార్తమ్మకు తెలిసిన ఆట ఒక్కటే, ఫోనులో రంగు బిళ్ళలు పగలగొట్టేది. ఆటల్లో చెరువులు కూడా ఉంటాయని ఆమెకు తెలియదు.

పదకొండయ్యేసరికి కోళ్ళు గుడ్లు పెట్టడం మానలేదు. బస్సు వెనక్కి తప్ప నడవలేదు. షారోన్ చెరువు ఆటను స్నేహితురాలు దుర్గాదేవి ఫోనుకి పంపింది. ఊరి చివర చెరువుగట్టు మీద ఉండే దుర్గ, కాసేపు ఆడి ఫోన్ చేసింది. రెండు చేతులూ ఖాళీ లేక షారోన్ స్పీకరు పెట్టింది.

"చెరువులో చేపలన్నీ చచ్చిపోతున్నాయే!"

"అన్నీనా?"

"ఒక్కటి మిగల్లేదు. తెల్లారేసరికి తెల్లగా తేలిపోతున్నాయి."

వంటింట్లో బెండకాయలు తరుగుతున్న మార్తమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది. గట్టు పక్క చేపల చెరువు దుర్గ తండ్రి సత్తియ్యది. ఆయన పన్ను పీకించుకోడానికి ఏలూరు వెళ్ళాడు. ఆమె వెంటనే ఆయనకు ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, మార్తమ్మనండి. మీ చెరువులో చేపలు తేలిపోయాయంటండి. మీ దుర్గే చెప్పింది, నా చెవులారా విన్నానండి."

నోటినిండా దూది ఉన్న సత్తియ్య "ఆఁ!" అనగలిగాడు తప్ప ఇంకేమీ అడగలేకపోయాడు. కూతురికి చేస్తే ఫోన్ ఖాళీ లేదు. బావమరిది వెంకట్రాజుకి చేసి "ఏఫలు ఓయాయి!" అన్నాడు. వెంకట్రాజుకి అది చాలు. ఆక్సిజన్ బిళ్ళలు, వలవాళ్ళు, ఐసు లారీ, అన్నిటితో గట్టు మీద దిగాడు. చేపలు హాయిగా తిరుగుతున్నాయి.

"పైకి బాగున్నాయంటే లోపలేదో జరుగుతోందన్నమాట," అన్నాడు వెంకట్రాజు. బిళ్ళలన్నీ చల్లించేశాడు.

ఇక్కడ షారోన్‌కి విసుగొచ్చింది. "చెరువు మన వల్ల కాదే. తీసేసి కోళ్ళు పెట్టేద్దాం."

మార్తమ్మ మళ్ళీ ఫోనందుకుంది. "అన్నయ్యగారూ, చెరువు తీసేసి కోళ్ళు పెడతారంటండి!"

"ఓళ్ళా?" అని అరిచాడు సత్తియ్య. దూది ఎగిరి ఎదురుగా ఉన్న డాక్టరుగారి మీద పడింది.

"కోళ్ళూ కుదరవే, అంతా గుడ్లతో నిండిపోయిందని నువ్వే చెప్పావుగా," అంది దుర్గ.

"అయితే బస్సే దిక్కు. సాయంత్రం ఐదులోపు పంపించేస్తాను."

ఈసారి మార్తమ్మ ఏడుస్తూనే చెప్పింది. "మీవాళ్ళు ఐదింటి బస్సుకి ఊరొదిలి వెళ్ళిపోతున్నారంటండి, అన్నయ్యగారూ!"

మూడున్నరకి సత్తియ్య, వాచిన బుగ్గతో ఆటోలో నేరుగా మార్తమ్మ ఇంటికొచ్చాడు. వెనకే ఐసు లారీ, దాని మీద వెంకట్రాజు, వలవాళ్ళు. కొత్తవాళ్ళ ముందు నాలుగు మాటలు కూడా మాట్లాడలేని షారోన్, ల్యాప్‌టాప్ పట్టుకుని తలుపు చాటుకి వెళ్ళిపోయింది.

"అమ్మాయ్, చేపలు చచ్చిపోయింది ఏ చెరువులో?" అని అడిగాడు సత్తియ్య.

షారోన్ తలుపు సందులోంచి ల్యాప్‌టాప్ చాపింది. "ఇందులోనండి, మావయ్యగారూ."

మార్తమ్మ ఒకసారి ల్యాప్‌టాప్ వైపు, ఒకసారి లారీ వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సత్తియ్య మాత్రం కళ్ళజోడు పెట్టుకుని బొమ్మ చెరువుని చాలాసేపు చూశాడు.

"నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఎప్పుడు తిప్పుతున్నావ్?"

"మధ్యాహ్నమండి."

"మరి రాత్రి?"

"ఆపేస్తానండి. పాపం, మోటార్లూ పడుకోవాలి కదండీ."

వలవాళ్ళు లారీ పట్టుకుని నవ్వారు.

"ఓసి పిచ్చిదానా! చేపకి గాలి చాలనిది తెల్లారగట్లే. మిట్టమధ్యాహ్నం దానికేం తక్కువ?"

షారోన్ కోడులో ఒక్క వరుస మార్చింది. తెర మీద రాత్రి గడిచింది, తెల్లారింది. చేపలన్నీ తోకలాడించాయి. లారీ లారీ అంతా కేకలు పెట్టింది. ఐదుకి పది నిమిషాలుండగా షారోన్ ఆట పంపేసింది. అందినట్టు జవాబొచ్చింది. పదకొండు మొదలుపెడితే, పూర్తయిన మొదటి ఆట! ఆ ఆనందంలో సిగ్గు మరిచిపోయి వాకిట్లో గెంతులేసింది.

"బావా, ఇంకొక్కసారి ఈ చేపలు పట్టి లేద్దాం," అన్నాడు వెంకట్రాజు, ల్యాప్‌టాప్ వదలకుండా.

సత్తియ్యకు అప్పుడు అనుమానమొచ్చింది. "ఇంతకీ మన చెరువు కాడ ఎవరున్నార్రా?"

దుర్గ కూడా ఆట చూడ్డానికి ఎప్పుడో వచ్చేసింది. పిట్టల్ని తోలడానికి పెట్టుకున్న ఏలీయా కూడా ముందు వరుసలోనే కూర్చుని ఉన్నాడు.

కొల్లేటి కొంగలు మాత్రం ఆ పూట పని మానలేదు.