బాల్కనీ దీపాల ఓటు

ఆ ఉదయం సివిక్స్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యను లిఫ్టులో దించి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రక్తం శుభ్రం చేసే యంత్రం పక్కన ఆవిడ పడుకుని ఉన్నంతసేపూ ఆయన ఆ వీధిలోనే ఉన్న బడికి వెళ్లి, ప్రజాస్వామ్యంలో బతకడం వల్ల కలిగే లాభాల గురించి పిల్లలకు ఉపన్యాసం ఇవ్వాలి. రిటైరయ్యాక ఆయన్ని ఉపన్యాసానికి పిలవడం ఇదే మొదటిసారి. అందుకే గడ్డం గీసుకుంటూ అద్దానికే రెండుసార్లు చెప్పేశారు.

"మూడో లాభం మింగేశారు," అంది భార్య మంచం మీద నుంచి. ఆవిడ కిడ్నీలు ఏడాదిగా పని చేయడం లేదు. చెవులు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి.

చక్రాల కుర్చీలో ఆవిణ్ణి కూర్చోబెట్టి, లిఫ్టు బటన్ నొక్కారు. ఎక్కడో కింద ఒక మూలుగు వినబడి ఆగిపోయింది. వాళ్లది ఐదో అంతస్తు. ఆవిడ కాళ్లకు నీరు పట్టి చెప్పుల్లో కూడా ఇమడటం లేదు. మెట్లు దిగడమన్న మాటే లేదు.

మాస్టారు ఫోన్ చేస్తే భవనం సెక్రటరీ మెకానిక్‌ను వెంటబెట్టుకునే వచ్చాడు. విరిగిన భాగానికి బదులు కొత్తది మెకానిక్ సంచిలోనే ఉంది. అరగంట పని. మాస్టారి ప్రాణం లేచి వచ్చింది.

"అయితే కానివ్వండి!"

"ఓటు లేకుండా నేను చెయ్యి పెట్టను మాస్టారూ," అన్నాడు సెక్రటరీ. "మెట్ల దగ్గర బల్బు మార్పించినందుకే మీరు నన్ను మీటింగులో నిలబెట్టి కడిగేశారు. సభ్యులను అడక్కుండా వెలుగు కూడా రాకూడదన్నారు."

అన్నారు, నిజమే. ఆ భవనంలో ప్రజాస్వామ్యం తెచ్చింది మాస్టారే. అంతకు ముందు మొదటి అంతస్తు ఓనరు చెప్పిందే శాసనం. లిఫ్టు తాళం ఆయన జేబులో ఉండేది. ఆయనా, ఆయన కుటుంబం తప్ప అందరూ మెట్లెక్కేవారు. మాస్టారు ఇంటింటికీ తిరిగి, అందరినీ కూడగట్టి, ఆ తాళం లాక్కున్నారు. ఆ తరువాత ఊరుకున్నారా? నిబంధనలు రాశారు. మీటింగు అంటే ఎవరూ రారు కాబట్టి, ఏ విషయమైనా సాయంత్రం ఏడింటికి బాల్కనీ దీపాల మీద తేలాలి. దీపం వెలిగితే సరే, వెలగకపోతే వద్దు. చివరి గంటలో ఆ విషయం గురించి ఎవరూ ఎవరితోనూ నోరు విప్పకూడదు. ఇదంతా మాస్టారి బుర్రలో పుట్టిందే.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే రాత్రి ఎనిమిదింటికి ఆఖరి వంతు ఇస్తామన్నారు. "అది కూడా దాటితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. అప్పుడు నన్నేమీ అడక్కండి," అన్నాడు డాక్టరు.

"నలుగురిని పిలిచి కుర్చీతో సహా దింపించండి. పోయేదేముంది?" అంది భార్య.

"అది దయ అవుతుంది. లిఫ్టు నీ హక్కు."

"హక్కు వచ్చేదాకా నేనుండాలిగా. ఓనరు హయాంలో లిఫ్టు ఉండేది, మన దగ్గర తాళం ఉండేది కాదు. ఇప్పుడు అందరి దగ్గరా తాళం ఉంది, లిఫ్టే లేదు."

మాస్టారికి చురుక్కుమంది. బడికి రాలేనని కబురు చేసి, మోకాళ్ల నొప్పితోనే అంతస్తు అంతస్తూ తిరిగారు. ఒక్క ఓనరు గడప మాత్రం తొక్కలేదు. మూడో అంతస్తు టైలరమ్మ, "అక్కయ్యగారి కోసం దీపమేమిటి, ఇల్లంతా వెలిగిస్తాను," అంది. రెండో అంతస్తు బ్యాంకు గుమాస్తా ఒట్టు వేశాడు. మిగతావాళ్లూ ముక్తకంఠంతో సరేనన్నారు. ఇలాంటి జనం మధ్య బతుకుతున్నందుకు ఆయన కళ్లు చెమర్చాయి.

ఆరు దాటింది. లిఫ్టు కదలగానే సమయం వృథా కాకూడదని, చక్రాల కుర్చీని ముందే కిందికి చేర్చాలనుకున్నారు. భార్యను బాల్కనీ గుమ్మం దగ్గర, స్విచ్చు కిందే మామూలు కుర్చీలో కూర్చోబెట్టి, ఏడు కొట్టగానే నొక్కమని చెప్పారు. ఖాళీ కుర్చీలో ఆవిడ దుప్పటి మడతపెట్టి, దాని మీద చెప్పులు పెట్టి, మెట్టు మెట్టుకూ దించసాగారు. మూడో అంతస్తుకు వచ్చేసరికి మోకాళ్లు ప్రాణం తీస్తున్నాయి. కళ్లలో నీళ్లు ధారగా కారుతున్నాయి.

టైలరమ్మ తలుపు తీసి చూసింది. ఖాళీ కుర్చీ, దుప్పటి, చెప్పులు.

"అయ్యో మాస్టారూ! అక్కయ్యగారికి ఎలా ఉంది?"

చివరి గంట. ఆవిడ జబ్బు గురించి మాట్లాడితే లిఫ్టు గురించి మాట్లాడినట్టే. మాస్టారు తల అడ్డంగా ఊపి, కళ్లు తుడుచుకుని కుర్చీ దించుకుపోయారు. రెండో అంతస్తులో గుమాస్తా అడిగినా అదే జవాబు. నిబంధన అంటే నిబంధనే.

ఆయన కిందికి చేరేలోపే ఆవిడ పోయిందన్న కబురు ఇళ్లన్నీ చుట్టేసింది. "పాపం, ఈ పూట ఎవరూ దీపాలు వెయ్యకండి," అంది టైలరమ్మ ఏడుస్తూ. ఓటు సంగతి గుర్తొచ్చిన ఒకరిద్దరు కూడా, ఇక లిఫ్టు ఎవరికోసమని నిట్టూర్చి స్విచ్చు మీద నుంచి చెయ్యి తీసేశారు.

ఏడు కొట్టింది. ముంగిట్లో మాస్టారు, సెక్రటరీ, మెకానిక్ తలలెత్తి చూశారు. భవనమంతా చీకటి. ఒక్క మొదటి అంతస్తులోనే దీపం వెలిగింది. అది ఓనరుది. ఆయనతో ఎవరూ మాట్లాడరు కాబట్టి చావు కబురు ఆయనకు చేరలేదు. ఓటంటేనే గిట్టని మనిషి, సెక్రటరీ అంటించిన కాగితం చూసి బుద్ధిగా ఓటేసి కూర్చున్నాడు.

"వీగిపోయింది మాస్టారూ," అన్నాడు సెక్రటరీ.

ఒట్టు వేసినవాళ్లంతా మోసం చేశారు! మాస్టారికి ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే ఇంకా పైకి చూశారు. ఐదో అంతస్తు కూడా చీకటిగానే ఉంది.

కోపం ఎటు పోయిందో తెలియదు. పరుగెత్తారు. ఆయన ఎక్కుతుంటే ఒక్కో తలుపూ తెరుచుకుంది. జనం తలలు వంచుకుని వెంట నడిచారు. మూడో అంతస్తులో గుమాస్తా ఆయన భుజం పట్టుకున్నాడు.

"గుండె దిటవు చేసుకోండి మాస్టారూ. మేమంతా ఉన్నాం."

అయితే వీళ్లందరికీ తెలుసన్నమాట. తనకే ఆఖరున తెలిసింది. మాస్టారు గోడ పట్టుకుని బావురుమన్నారు. ఓటు ఓటని తిరిగి చేతులారా చంపుకున్నానన్నారు. నలుగురూ ఆయన్ని పట్టుకుని పైకి నడిపించారు.

తలుపు తీసి దీపం వేశారు. ఆవిడ స్విచ్చు కింద నేల మీద పడి ఉంది. చెయ్యి ఇంకా గోడ వైపే చాచి ఉంది. మెల్లగా కళ్లు తెరిచింది.

"ఓటు వెయ్యబోయి పడ్డాను," అంది ఆయాసపడుతూ. "ఏడు దాటిపోయిందా? నాది లెక్కలోకి రాదా?"

టైలరమ్మ కెవ్వుమంది. గుమాస్తా తెచ్చిన పూలు వీపు వెనక దాచాడు. మాస్టారు నేల మీద కూలబడి, ఆ వాచిన కాళ్లు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

"ఇంతమంది ఎందుకొచ్చారు?" అంది ఆవిడ. గుమాస్తా వీపు వెనక పూలు కనిపించాయి. ఆవిడకు అర్థమైంది. "ఎందుకైతేనేం, వచ్చారుగా. దించండి."

మోయడానికి సిద్ధపడి వచ్చిన నలుగురూ ఆవిణ్ణి మామూలు కుర్చీలోనే కూర్చోబెట్టి ఎత్తారు. హక్కు గురించి మాస్టారు ఒక్క మాట అనలేదు. మొదటి అంతస్తులో ఓనరు తలుపు తీసుకుని నిలబడ్డాడు.

"తాళం నా దగ్గరే ఉండి ఉంటే ఈపాటికి లిఫ్టు నడిచేది."

"నడిచేది. మీరొక్కరే దిగేవారు," అన్నాడు గుమాస్తా రొప్పుతూ, కుర్చీ వదలకుండా.

ఆ మాట మాస్టారి ఉపన్యాసంలో లేదు. ఆయన పది పేజీలలోనూ ఇంత సూటిగా చెప్పలేకపోయారు.

ఎనిమిదికి కాస్త ముందే ఆసుపత్రి చేరారు. నర్సు విసుక్కుంటూనే ఆవిణ్ణి యంత్రం దగ్గరకు తీసుకెళ్లింది. గండం గడిచిందని డాక్టరు చెప్పాక, వరండాలో సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు.

"వీగిపోయిన విషయాన్ని ఆర్నెల్ల దాకా మళ్లీ ఎత్తకూడదు మాస్టారూ. మీరు పెట్టిందే."

"మరి ఈవిణ్ణి ఇంటికి చేర్చేదెలా?"

"ఆ నలుగురూ అదే ఆలోచిస్తున్నారు. వారానికి రెండుసార్లంటే నడుములు పోతాయట."

ఆవిణ్ణి దించడానికి ఎవరూ ఓటు అడగలేదు. ఎక్కించాలా వద్దా అన్నది మాత్రం మర్నాడు ఏడింటికి దీపాల మీద తేల్చుకుందామన్నారు.